కమాండ్ వచ్చేదాకా ఆగమంటే ఆగాలా?

ప్రశ్న: మాది అనంతపురం. ఒక ప్రైవేటు విమానయాన సంస్థలో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా, బెంగళూరు బేస్‌లో పనిచేస్తున్నాను. వచ్చే ఏడాది కమాండ్ అప్‌గ్రేడ్‌కు, అంటే కెప్టెన్ కావడానికి, నా వంతు వస్తుంది. మా సంస్థలో పైలట్లకు యూనియన్ లేదు. ఇప్పుడు కొందరు సీనియర్ కెప్టెన్లు సంఘం పెట్టి రిజిస్టర్ చేయిస్తామని సభ్యత్వ ఫారాలు పంచుతున్నారు. మరికొందరు "మనమేమైనా కూలీలమా, జెండాలు మనకెందుకు" అంటున్నారు. మా ఫ్లీట్‌లో పెద్ద హోదాలో ఉన్న ఒకాయన కాఫీ తాగుతూ "నీ ఫైలు శుభ్రంగా ఉంది, కమాండ్ వచ్చేదాకా అలాగే ఉంచుకో" అన్నారు. నా శిక్షణ అప్పు కోసం అనంతపురంలో ఇల్లు, ఉరవకొండ దగ్గర పొలం తాకట్టులో ఉన్నాయి. నాన్న గుంతకల్లు డివిజన్‌లో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు, చేరకపోతే తప్పంటారు. తాతను 1974 రైల్వే సమ్మెలో ఉద్యోగం నుంచి తీసేసి, మూడేళ్ల తర్వాత తిరిగి తీసుకున్నారు. అవ్వకు యూనియన్ పేరెత్తితేనే భయం. చేరితే నా కెరీర్ దెబ్బతింటుందా? చేరకుండా ఊరుకుంటే నాకు పోయేదేమిటి?
– ఒక కో-పైలట్, అనంతపురం

సమాధానం:

ఈ శీర్షికకు ఆర్టీసీ కండక్టర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల కార్మికులు రాస్తుంటారు. పైలట్ రాయడం ఇదే మొదలు. కడపలో 2015 నుంచి, ఓర్వకల్లులో 2021 నుంచి విమానాలు దిగుతున్నాయి. అనంతపురం నగరానికి ఇంకా విమానాశ్రయం లేదు, విమానం నడిపే అమ్మాయి మాత్రం ఉంది. సంతోషం. కార్మిక కేసులు వాదించే న్యాయవాదిగా నా సలహా ముందే చెప్పేస్తాను: సంఘంలో చేరండి, పదవి మాత్రం తీసుకోకండి. దానికి నేను చెప్పబోయే కారణాలు మీ నాన్నగారికీ పూర్తిగా నచ్చవు, మీ అవ్వకూ పూర్తిగా నచ్చవు.

మొదట ఆ కాఫీ మాట సంగతి చూద్దాం. అందులో యూనియన్ ప్రస్తావనే లేదు. రేపు ఎవరైనా నిలదీస్తే "పెద్దవాడిగా బాగా చదువుకొమ్మని చెప్పాను" అని ఆయన తప్పుకోగలరు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావాటికి మొదలు ఇలాంటి మెత్తని మాటే. ఆ రోజు తేదీ, చోటు, పక్కన ఎవరున్నారు, సరిగ్గా ఏ మాటలు వాడారు అన్నది ఇంట్లో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. కంపెనీ ఇచ్చిన ట్యాబ్‌లో రాయవద్దు. వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. రెండు వందల మంది ఉన్న గ్రూపులో రహస్యం ఉండదు, అందులో కనీసం ఒకరు ఆ పెద్దాయన దగ్గర కాఫీ తాగేవాళ్లే అయి ఉంటారు.

ఇక, చేరితే కెరీర్ దెబ్బతింటుందా అన్న ప్రశ్న. తినవచ్చు. ఏమీ కాదని హామీ ఇచ్చేవాళ్లను నమ్మకండి. కమాండ్ అప్‌గ్రేడ్ అంటే ఒక్క పరీక్ష కాదని మీకే బాగా తెలుసు. ఎంపిక, గ్రౌండ్ క్లాసులు, సిమ్యులేటర్, ఆపైన ట్రైనింగ్ కెప్టెన్ పక్కన కూర్చుని లైన్ మీద, అంటే ప్రయాణికులున్న మామూలు విమానాల్లో, ఎగరడం, చివరకు చెక్. మధ్యలో ఎక్కడ ఎవరు "ఇంకొంచెం అనుభవం కావాలి" అని రాసినా ఆరు నెలలు వెనక్కి పోతారు. సిమ్యులేటర్‌లో ఇంజిన్ ఫెయిల్యూర్ ఎలా సంభాళించారో కొలవవచ్చు. "నాయకత్వ లక్షణాలు" అనే గడిని కొలిచే కొలబద్ద లేదు. కక్ష తీర్చుకోదలచినవాడు ఆ గడిలోనే తీర్చుకుంటాడు.

చట్టానికి ఈ ఎత్తుగడ కొత్తదేమీ కాదు. యూనియన్ పని చేసినందుకు సీనియారిటీని తారుమారు చేయడం, పదోన్నతి ఆపడం అన్యాయమైన కార్మిక విధానాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం షెడ్యూలులోనే ఉంది. కార్మికుల మధ్య గొడవ పెట్టడానికి కొందరికి అర్హత లేని పదోన్నతి కట్టబెట్టడం కూడా ఆ జాబితాలో ఉందంటే, రాసినవాళ్లు ఎన్ని ఫ్యాక్టరీలు చూసి రాశారో ఊహించుకోండి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ జాబితా కొనసాగుతోంది. అయితే హక్కు ఉండడం వేరు, దాన్ని నిరూపించుకోవడం వేరు. ట్రిబ్యునల్‌లో కేసు ఏళ్లు నడుస్తుంది. అందుకే నోటు పుస్తకం అన్నాను. ప్రతి సిమ్యులేటర్ చెక్ గ్రేడింగ్ ప్రతి, ప్రతి లైన్ చెక్ వ్యాఖ్య, మీ సీనియారిటీ నంబరు చూపించే కాగితం ఇప్పటినుంచే జాగ్రత్త చేయండి. సంఘంలో చేరే ముందు ఒకలా, చేరిన తర్వాత ఒకలా గ్రేడ్లు ఉంటే ఆ తేడాయే మీ సాక్ష్యం.

మామూలు సభ్యులను వెంటాడడం కంపెనీకీ భారమే. సిద్ధంగా ఉన్న కో-పైలట్‌ను ఆపితే కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు ఖాళీగా ఉంటుంది, విమానం నేల మీద ఉంటుంది. దెబ్బ సాధారణంగా ముందు వరసలో నిలబడ్డవాళ్ల మీద పడుతుంది. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ అనే సంఘం పెట్టుకున్నప్పుడు సంస్థ మొదట తొలగించింది దాన్ని నడిపిస్తున్న ఇద్దరిని. దానికి నిరసనగా సెప్టెంబరులో వందల మంది పైలట్లు ఒక్కసారిగా సిక్ లీవు పెట్టారు, అయిదు రోజుల పాటు విమానాలు ఆగాయి, తొలగించినవాళ్లను తిరిగి తీసుకున్నారు. కథ సుఖాంతమే అనిపిస్తుంది. కానీ ఆ అయిదు రోజులూ ఆ ఇద్దరి ఇళ్లలో అన్నం ఎలా దిగిందో ఆలోచించండి. ఇల్లూ పొలమూ తాకట్టులో ఉన్న మనిషి ఆ ఇద్దరిలో ఒకరు కానక్కరలేదు. పదవి వద్దన్నది అందుకే. అప్పు లేని కెప్టెన్లు, రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డ కెప్టెన్లు ఉన్నారు కదా, ముందు వాళ్లు నిలబడనివ్వండి.

"మనమేమైనా కూలీలమా" అన్నవాళ్ల గురించి కాస్త కోపంగానే రాస్తాను. ఈ మాట పైలట్లే కాదు, బ్యాంకు ఆఫీసర్లూ అంటారు, ఇంజినీర్లూ అంటారు. జీతం పెద్దదైతే చట్టం దృష్టిలో కార్మికులు కాకుండా పోతామని వాళ్ల నమ్మకం. చట్టం అలా చెప్పదు. నైపుణ్యంతో, సాంకేతికంగా పనిచేసే మనిషి జీతం ఎంతైనా కార్మికుడే. జీతం లెక్క పర్యవేక్షణ పని చేసేవాళ్లకు మాత్రమే వస్తుంది. నెలకు 18,000 దాటితే పర్యవేక్షకుడు కార్మికుడు కాడని కొత్త కోడ్ అంటుంది. మేనేజర్ల కథ మరీ వేరు, వాళ్లు జీతంతో పనిలేకుండానే బయట ఉంటారు.

మీకు పనికొచ్చే మెలిక ఇక్కడే ఉంది. మీరిప్పుడు కో-పైలట్. మీ కింద ఎవరూ పనిచేయరు. మీరు కార్మికురాలు కాదని వాదించడానికి కంపెనీ లాయరుకు పట్టు దొరకదు. రేపు కెప్టెన్‌కు ఉండే నాలుగో గీత భుజం మీదకు రాగానే ఆ లాయరు "విమానంలో అందరూ ఈమె ఆజ్ఞలో ఉంటారు, కాబట్టి ఈమె పర్యవేక్షకురాలు" అని మొదలుపెడతాడు. దానికి మన దగ్గర జవాబు ఉంది. కెప్టెన్ అధికారం విమాన భద్రత కోసం ఇచ్చినది. కెప్టెన్ ఎవరికీ సెలవు మంజూరు చేయరు, ఎవరి జీతమూ ఆపరు, ఎవరికీ మెమో ఇవ్వరు. అయినా వాదనంటూ మొదలవుతుంది.

నోటీసు సంగతీ అంతే. 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తెచ్చిన నిబంధన ప్రకారం ఉద్యోగం వదలాలంటే కో-పైలట్ ఆరు నెలలు, కమాండర్, అంటే కెప్టెన్, ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. కెప్టెన్ అయితే బజారులో మీ విలువ పెరుగుతుంది, నిజమే. కానీ నచ్చకపోతే వెళ్లిపోతానని బెదిరించే శక్తి సగమవుతుంది, ఎందుకంటే వెళ్లిపోవడానికే ఏడాది పడుతుంది. ఒంటరిగా బేరమాడే సత్తా తగ్గే రోజున పక్కన నలుగురు ఉండాలి. కమాండ్ వచ్చేదాకా ఆగితే క్షేమం అని మీకు చెబుతున్నవాళ్లు ఈ రెండు విషయాలూ చెప్పలేదు. ఆగడం వల్ల ఒక్క ఏడాది మనశ్శాంతి దొరుకుతుంది, నిజమే. దానికి బదులుగా చట్టం దగ్గర మీ స్థానం ఇప్పటికంటే పలచబడుతుంది.

చేరకుండా ఊరుకుంటే పోయేదేమిటి అని అడిగారు. నిజాయితీగా చెప్పాలంటే, రేపటికి రేపు ఏమీ పోదు. ఇప్పటికే మీరు ఇతరుల సంఘాలు తెచ్చిన దాన్ని అనుభవిస్తున్నారు. వారానికి 48 గంటల విశ్రాంతి తీసుకుంటున్నారు కదా, అది ఎక్కడినుంచి వచ్చింది? మునుపు అది 36 గంటలు. డీజీసీఏ 2024 జనవరిలో డ్యూటీ వేళల కొత్త నిబంధనలు ప్రకటించింది. వారపు విశ్రాంతి 48 గంటలకు పెరిగింది, రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఉదయం 5 దాకా అన్న లెక్క 6 దాకా మారింది, రాత్రి డ్యూటీలో చేయగల ల్యాండింగుల సంఖ్య ఆరు నుంచి రెండుకు తగ్గింది. ఆ ఏడాది జూన్ 1 నుంచి అమలు కావాలి. విమానయాన సంస్థలు అభ్యంతరం చెప్పాయి, వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పట్టువిడవకుండా కూర్చుంటేనే 2025 జూలై 1న కొన్ని, నవంబరు 1న మిగిలినవి అమలు చేస్తామని డీజీసీఏ కోర్టుకు మాట ఇచ్చింది. కోర్టు ఫీజులు, లాయరు ఫీజులు ఎవరి చందాల నుంచి వచ్చాయో చెప్పనక్కరలేదు. అంతకుముందు 2023 ఆగస్టులో నాగపూర్ విమానాశ్రయంలో ఒక పైలట్ విమానం ఎక్కబోతూ బోర్డింగ్ గేటు దగ్గర కుప్పకూలి చనిపోయిన సంగతి మీ సహోద్యోగులెవరూ మరిచిపోయి ఉండరు.

ఆ తర్వాత జరిగింది మీకు నాకంటే బాగా తెలుసు. 2025 డిసెంబరు మొదటి వారంలో కొత్త నిబంధనలకు సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో కుప్పకూలింది. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. అప్పుడు డీజీసీఏ ఏం చేసింది? ఆ సంస్థకు రాత్రి నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. వారపు విశ్రాంతికి బదులు సెలవును లెక్కలో వేయకూడదన్న ఆదేశాన్నయితే అన్ని సంస్థలకూ వెనక్కి తీసుకుంది. తప్పు ప్రణాళికది, సడలింపు మాత్రం పైలట్ల విశ్రాంతికి. దాని మీద గొంతెత్తినవి పైలట్ల సంఘాలే. సాధించుకున్నది ఒక్క వారంలో ఎలా కరిగిపోతుందో చూడడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించదు. ఊరుకుంటే పోయేది అది, మెల్లగా పోతుంది, మీ ఒక్కరికే కాకుండా అందరికీ పోతుంది.

ఐర్లండ్‌కు చెందిన రయాన్ఎయిర్ కథ కూడా ఈ సందర్భంలో చెప్పాలి. చౌక విమానాల ఆ సంస్థ ఏళ్ల తరబడి యూనియన్ల పేరు వింటేనే మండిపడేది. 2017 సెప్టెంబరులో పైలట్ల సెలవుల లెక్క తప్పి వేల విమానాలు రద్దు చేసుకోవలసి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో పైలట్ల యూనియన్లను గుర్తిస్తామని ప్రకటించింది. మనసు మారి కాదు, క్రిస్మస్ ముందు పైలట్లు సమ్మె అనేసరికి వేరే దారి లేక. అమెరికాలో జెట్‌బ్లూ పైలట్లు యజమాన్యంతో నేరుగా మాట్లాడుకుంటే చాలని రెండుసార్లు యూనియన్‌ను ఓటుతో తిరస్కరించి, 2014లో మూడోసారి యూనియన్ కావాలని ఓటేశారు. మీ "జెండాలు మనకెందుకు" మిత్రులు అలాంటివాళ్లే కావచ్చు, వాళ్లతో పోట్లాడకండి. మూడోసారికి మీ వైపు వస్తారేమో.

ఇక నాన్నగారికి నచ్చని భాగం. సంఘం అన్నిటికీ మందు కాదు. పైలట్ల సమ్మెల చరిత్ర మన దేశంలో ఓటముల చరిత్రే ఎక్కువ. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో కలిసిపోయాక జీతాలు సమానం చేయమని 2011 ఏప్రిల్ చివర పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల సంఘం ఐసీపీఏ పది రోజులు సమ్మె చేసింది. ఢిల్లీ హైకోర్టు కన్నెర్ర చేసింది, సంస్థ సంఘం గుర్తింపును రద్దు చేసింది. మరుసటి ఏడాది మే నెలలో రెండో సంఘం, పాత ఎయిర్ ఇండియా పైలట్ల ఇండియన్ పైలట్స్ గిల్డ్, సమ్మెకు దిగింది. గొడవ దేని గురించి? కొత్తగా వస్తున్న డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ ఎవరికి ఇవ్వాలన్న దాని గురించి! అంటే పైలట్లకూ కంపెనీకీ మధ్య ఎంత గొడవో, పైలట్లకూ పైలట్లకూ మధ్య అంత గొడవ. 58 రోజులు సాగింది, వందమందికి పైగా ఉద్యోగాలు ఊడాయి, గిల్డు గుర్తింపు పోయింది, చివరకు కోర్టు మాటతో విరమించారు. సంస్థ నష్టాల్లో మునిగి ఉన్నప్పుడు విమానాలు ఆపడం వల్ల దాన్ని లొంగదీయలేరు. సంస్థ టాటాల చేతికి వెళ్లాక 2023లో తెచ్చిన కొత్త జీతాల పద్ధతిని ఈ రెండు సంఘాలూ వద్దన్నాయి. సంస్థ వాటిని గుర్తించకుండా పైలట్ల దగ్గర విడివిడిగా సంతకాలు తీసుకుంది.

అసలు సంస్థే మూతపడితే సంఘం చేయగలిగింది ఇంకా తక్కువ. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో, జెట్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. నెలల జీతం బాకీ పడ్డవాళ్లకు సీనియారిటీ నంబరు ఎందుకూ పనికిరాలేదు. ఆ నంబరు ఒక్క కంపెనీలోనే చెల్లుతుంది. లాగ్‌బుక్‌లోని గంటలు, ఫలానా రకం విమానం నడిపే అర్హత అయిన టైప్ రేటింగ్, ఆరోగ్య ధ్రువపత్రమైన మెడికల్ మాత్రమే మీతో బయటికి వస్తాయి.

మీ ఇంటి రైల్వే అనుభవం పూర్తిగా మీకు వర్తించకపోవడానికి కారణం కూడా ఇదే. తాతగారి తరం వాళ్లు 1973 ఆగస్టులో పట్టుబట్టి పది గంటల డ్యూటీ పరిమితికి రైల్వేను ఒప్పించారు. అంతకుముందు ఇంజిన్ ఎక్కిన మనిషి ఎప్పుడు దిగుతాడో ఇంట్లో తెలిసేది కాదు. మీ నాన్నగారు "చేరకపోతే తప్పు" అంటున్నారంటే ఆ పది గంటల నీడలో పనిచేశారు కాబట్టి. మరుసటి ఏడాది, 1974 మే 8న మొదలైన సమ్మె ఇరవై రోజులు నడిచింది, దాదాపు 17 లక్షల మంది పాల్గొన్నారని చెబుతారు, వేలమందిని తీసేశారు. 1977లో ప్రభుత్వం మారి జనతా పార్టీ వచ్చాక తిరిగి తీసుకున్నారు. తిరిగి తీసుకోవడానికి రైల్వే అనేది ఒకటి మిగిలి ఉంది కాబట్టి తీసుకున్నారు. ప్రైవేటు విమానయానంలో ఎన్నికలు వచ్చి మీ ఉద్యోగం వెనక్కి ఇవ్వవు. మూడేళ్లు జీతం లేని ఇంటిని నడిపిన అవ్వ భయం పిరికితనం కాదు, ఆమెకు లెక్క తెలుసు. ఆమెకు చెప్పవలసిందల్లా, 1974లో తాతగారు చేసింది సమ్మె, ఇప్పుడు మీరు చేయబోయేది సభ్యత్వం. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలోనే ఉంది. సమ్మె చేయడం అందులో భాగం కాదని సుప్రీంకోర్టు 1962లోనే తేల్చింది.

కాబట్టి మీరు గీసుకోవలసిన గీత ఆ రెండింటి మధ్యే. చందా కట్టండి, సమావేశాలకు వెళ్లండి, ఓటు వేయండి. అందరూ కలిసి సిక్ లీవు పెడదామన్నప్పుడు మాత్రం దూరంగా ఉండండి. కొత్త కోడ్ ప్రకారం ఒక స్థాపనలో సగానికి సగం మంది ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది, సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి, రాజీ చర్చలు నడుస్తుండగా చేసే సమ్మె చెల్లదు. పైగా లేని జ్వరానికి డాక్టరు దగ్గర కాగితం తెచ్చిన పైలట్, ఆ కాగితాన్ని రేపు డీజీసీఏ ముందు కూడా సమర్థించుకోవాలి. నిజంగా అలసిపోతే అది వేరే విషయం. అప్పుడు అలసట నివేదిక రాసి, ఎగరలేనని చెప్పడం మీ బాధ్యత. దానికి యూనియన్ అనుమతి అక్కరలేదు, కంపెనీ అనుమతీ అక్కరలేదు. 2022 ఏప్రిల్‌లో కొందరు పైలట్లు జీతాల కోపాన్ని ఆపద సమయాల కోసం కేటాయించిన 121.5 ఫ్రీక్వెన్సీ మీద బూతులతో వెళ్లగక్కి విచారణ కొనితెచ్చుకున్నారు. అలాంటివాళ్లు మీ సంఘంలోనూ ఉంటారు. ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాళ్ల పక్కన కూర్చున్నందుకు సంఘం వదిలేయనక్కరలేదు, వాళ్ల వెనక నడవకుండా ఉంటే చాలు.

రిజిస్ట్రేషన్‌ను చూసి మోసపోకండి. సంఘం రిజిస్టర్ కావడానికి కార్మికుల్లో పదోవంతు లేదా వందమంది, ఏది తక్కువైతే అంత మంది చాలు. రిజిస్టర్ అయినంత మాత్రాన కంపెనీ దానితో మాట్లాడాలని లేదు. సంస్థలో ఒకటికి మించి సంఘాలుంటే, హాజరు పట్టీలో ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘానికే చర్చలు జరిపే హక్కు. ఎవరికీ అంత లేకపోతే 20 శాతం చొప్పున బలమున్నవాళ్లతో ఒక మండలి. ఆ పట్టీలో క్యాబిన్ సిబ్బంది, ఇంజినీర్లు, గ్రౌండ్ స్టాఫ్ అందరూ ఉంటారు. పైలట్లు ఒక్కరూ మిగలకుండా చేరినా 51 శాతం కావడం కష్టం. ఫారాలు పంచుతున్న కెప్టెన్లను ఈ లెక్క అడగండి. క్యాబిన్ సిబ్బందితో కలిసి నడిచే ఆలోచన ఉందా, లేక విడిగా ఉండి కోర్టులు, డీజీసీఏ ద్వారా పని సాధించే ఆలోచనా? రెండోది తప్పేమీ కాదు, డ్యూటీ వేళల విషయంలో ఫలితం వచ్చింది ఆ దారిలోనే. అసలు ఆలోచనే లేదంటే మాత్రం అది సంఘం కాదు, కోపంగా ఉన్న కెప్టెన్ల గుంపు.

మరో ప్రశ్న కూడా అడగండి. ప్రపంచ సగటుతో పోలిస్తే మన దేశంలో మహిళా పైలట్లు చాలా ఎక్కువ. గర్భం దాల్చి ఎగరలేని నెలల్లో నేల మీద పని, జీతం, సీనియారిటీ ఏమవుతాయన్నది ఆ కెప్టెన్ల కోరికల జాబితాలో ఉందా? లేకపోతే అది రాయించడానికి మీరు వెళ్లడం ఒక్కటే మార్గం. ఇది పదవి లేకుండానే చేయగల పని.

అప్పు గురించి ఒక్క మాట. మీ ఇంటికి యూనియన్ కంటే పెద్ద ప్రమాదం మెడికల్. క్లాస్ వన్ మెడికల్‌లో తేడా వస్తే కమాండ్ లేదు, జీతం లేదు, వాయిదా మాత్రం ఆగదు. లైసెన్సు కోల్పోతే డబ్బు ఇచ్చే బీమా మీకు ఉందో లేదో, అందులో కంపెనీ వాటా ఎంతో ఈ వారమే చూసుకోండి. చాలామంది పైలట్లు దేశాల రాజకీయాలు మాట్లాడతారు కానీ ఈ పాలసీ కాగితం తెరిచి చూడరు. సభ్యులందరి తరఫున ఒకేసారి బేరమాడి బీమా తీసుకోవడం సంఘాలు బాగా చేయగల పనుల్లో ఒకటి. జెండా లేకుండా, నినాదం లేకుండా జరిగిపోయే పని.

ఆ కాఫీ పెద్దాయన మళ్లీ అడిగితే అబద్ధం చెప్పకండి, వివరణా ఇవ్వకండి. "ఇంకా చదువుతున్నానండి" అనండి. నిజమే కదా, మీరు చదవాల్సింది సంఘం నియమావళి. ఫారం మీద సంతకం పెట్టే ముందు దాని ప్రతి అడిగి తీసుకోండి. సమ్మెకు పిలుపునిచ్చే ముందు రహస్య ఓటు తప్పనిసరి అని అందులో ఉండాలి. కార్యవర్గం ఎన్నేళ్లకోసారి మారుతుంది, ఆడిట్ లెక్కలు సభ్యులకు చూపిస్తారా, కేసుల్లో ఇరుక్కున్న సభ్యుడి లాయరు ఖర్చు ఎవరు భరిస్తారు, రాజీనామా చేయాలనుకుంటే ఎలా అన్నవీ చూడండి. మీ నాన్నగారికి ఇలాంటి కాగితాలు చదవడం అలవాటే, ఆయనతో చదివించండి. రహస్య ఓటు లేని నియమావళి అయితే, అది చేర్చేదాకా సంతకం పెట్టవద్దు.